చీర రంగు తెర మీద సరిగ్గా కనిపించాలంటే: కళ్లను, మానిటర్‌ను ఎలా పరీక్షించుకోవాలి?

ఫొటోలో కుంకుమ ఎరుపు, విప్పి చూస్తే మెరూన్. బరంపురం పట్టు చీరల్ని ఫొటోల మీద అమ్మేవాళ్లకు, పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలకు ఈ తేడా పెద్ద తలనొప్పి. చాలామంది వెంటనే కెమెరాను తప్పు పడతారు. కానీ లోపం కంట్లో ఉండొచ్చు, గది వెలుతురులో ఉండొచ్చు, మానిటర్‌లో ఉండొచ్చు, ఫైల్లోనే ఉండొచ్చు. వెతకాల్సింది ఈ వరసలోనే. ముందుది తేల్చుకోకుండా తర్వాతదాన్ని దిద్దితే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుకుంటుంది.

1. ముందు కళ్లు

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తోందో లేదో చూడటానికి రంగు చుక్కల్లో అంకెలు దాచిన ఇషిహారా ప్లేట్లు ఉన్నాయి. జపాన్ కంటి డాక్టరు షినోబు ఇషిహారా 1917లో వీటిని తెచ్చారు. పూర్తి పుస్తకంలో 38 ప్లేట్లు ఉంటాయి. అచ్చు పుస్తకంలోనే చూడండి, ఫోన్‌లో కాదు. తెర రంగు మీదే అనుమానం ఉన్నప్పుడు ఆ తెర మీద చేసిన పరీక్షను నమ్మలేం. నేరుగా ఎండ పడని పగటి వెలుగులో, 75 సెంటీమీటర్ల దూరం నుంచి, ఒక్కో ప్లేటును మూడు సెకన్లు చూసి అంకె చెప్పాలి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ కంటి విభాగంలో గానీ, దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గర గానీ అడగండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది కాబట్టి మగవాళ్లలోనే ఎక్కువ. మేనమామకు ఉంటే మీరూ చూపించుకోవడం మంచిది.

ఇషిహారాలో నెగ్గినంత మాత్రాన దగ్గరదగ్గర షేడ్లు విడివిడిగా తెలుస్తాయని కాదు. దానికి ఫార్న్స్‌వర్త్ మన్సెల్ 100 హ్యూ పరీక్ష ఉంది. పేరులో 100 ఉన్నా రంగు బిళ్లలు 85, నాలుగు ట్రేలలో ఉంటాయి. వాటిని వరసగా పేర్చాలి. తప్పుల స్కోరు 20 లోపు ఉంటే చూపు చాలా నిశితం, 100 దాటితే షేడ్లు తేల్చడంలో బలహీనం అన్నమాట. దీని ఆన్‌లైన్ నమూనాలను మానిటర్ సరిచేశాకే ఆడండి.

అదంతా దొరక్కపోతే పట్టు దారం చాలు. మగ్గం ఉన్న ఇంట్లోనో దారం కొట్లోనో ఎరుపు నుంచి మెరూన్ దాకా పది పన్నెండు షేడ్ల ముక్కలు తీసుకోండి. అట్టముక్కలకు చుట్టి వెనక నంబరు వేసి, కలిపేసి, పగటి వెలుగులో పేర్చండి. 1870ల్లో స్వీడన్‌లో హోల్మ్‌గ్రెన్ రైల్వే ఉద్యోగుల చూపును ఉన్ని పోగులతోనే పరీక్షించాడు. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు. ఏ షేడ్ల దగ్గర మీ కన్ను తడబడుతోందో మాత్రం తెలిసిపోతుంది.

వయసు మీద పడేకొద్దీ కంటి లెన్స్ పసుపెక్కి నీలాలు మసకబారతాయి. మధుమేహం వల్ల కూడా నీలం, పసుపు తేడా తగ్గొచ్చు. ఇషిహారా ప్లేట్లు ఈ లోపాన్ని పట్టలేవు. లోపం తేలితే పని మానుకోనక్కర్లేదు: ఫొటో తీసేటప్పుడు గ్రే కార్డు (ఏ ఛాయా లేని బూడిదరంగు అట్ట) పెట్టండి, ఎడిటింగ్‌లో ఐడ్రాపర్ చూపే అంకెల్ని నమ్మండి, చివర్లో ఇంకొకరి చేత చూపించండి.

2. గది

గులాబీ గోడ, ఎర్ర చొక్కా రెండూ తెర మీద ప్రతిబింబించి రంగు మారుస్తాయి. గోడ బూడిదరంగో తెలుపో ఉండాలి, దీపం తెర మీద పడకూడదు. బల్బు 5000 కెల్విన్‌ది, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే కొలత) 90 పైబడినది కొనండి. పెట్టె మీద ఆర్9 (ముదురు ఎరుపుకు విడిగా ఉండే కొలత) విలువ వేసి ఉంటే అదీ చూడండి. చౌక ఎల్ఈడీల్లో ఆర్9 తక్కువగా ఉండి ముదురు ఎరుపులు చచ్చిపోతాయి. చీరను ఆ దీపం కింద పెట్టి తెరతో పోల్చుకుంటే మానిటర్ బాగానే ఉన్నా తప్పుగా తోస్తుంది.

3. మానిటర్‌ను సిద్ధం చేయడం

అరగంట ముందు ఆన్ చేయండి. మధ్యలో కరెంటు పోయి కాసేపటికి వస్తే మళ్లీ అరగంట ఆగాల్సిందే. నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్, హెచ్‌డీఆర్, డైనమిక్ కాంట్రాస్ట్ అన్నీ ఆపేయండి. రిజల్యూషన్ ప్యానెల్ అసలు రిజల్యూషన్‌లోనే ఉండాలి. బటన్ మెనూలో ఎస్ఆర్‌జీబీ (తెరలు, వెబ్ మామూలుగా వాడే రంగుల పరిధి) లేదా యూజర్ మోడ్ ఎంచుకోండి. "వివిడ్" మోడ్ ఫొటో పనికి పనికిరాదు.

4. పరికరం లేకుండా చేసే పరీక్షలు

వెలుగు కొలవడానికి మీ కెమెరానే మీటరు. తెరంతా తెలుపు పెట్టి, ఫ్రేము నిండేలా దగ్గరికి తెచ్చి, ఫోకస్‌ను మాన్యువల్‌గా చెడగొట్టండి. లేకపోతే పిక్సెళ్ల గళ్లు పడతాయి. ఐఎస్‌వో 100, ఎఫ్ 5.6, షట్టర్ 1/30 పెట్టి, మీటరు సున్నా దగ్గరికి వచ్చేదాకా మానిటర్ బ్రైట్‌నెస్ మార్చండి. అప్పుడు తెర వెలుగు చదరపు మీటరుకు సుమారు 120 క్యాండెలాలు, ఫొటో పనికి అందరూ వాడే లెక్క. సున్నా 1/60 దగ్గర వస్తే తెర రెండింతలు మండుతోందని అర్థం. ప్రింట్లు నల్లగా వస్తున్నాయని ల్యాబ్‌తో గొడవ పడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

తర్వాత గామా, అంటే మధ్య బూడిదలు ఎంత ముదురుగా కనిపించాలో తేల్చే సంఖ్య. జింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో 1×2 పిక్సెళ్ల ఫైల్ తెరిచి పైది నలుపు, కిందది తెలుపు చేసి కాపీ చేయండి. 400×400 ఫైల్‌లో బకెట్ ఫిల్‌తో ఆ క్లిప్‌బోర్డ్ ప్యాటర్న్ నింపండి. మధ్యలో ఆర్‌జీబీ మూడూ 186 ఉన్న బూడిద చతురం పెట్టండి. వ్యూ మెనూలో కలర్ మేనేజ్‌మెంట్ ఆపి, 100 శాతం జూమ్‌లో రెండు మీటర్లు వెనక్కి జరిగి చూడండి. చతురం చుట్టుపక్కల గీతల్లో కలిసిపోతే గామా 2.2 దగ్గర ఉన్నట్టు. చతురం ముదురుగా ఉంటే గామా ఎక్కువ, మీరు ఫొటోలను అవసరానికి మించి వెలిగిస్తున్నారు. లేతగా ఉంటే దానికి ఉల్టా. తల కిందికీ పైకీ కదిపితే చతురం మారిపోతుంటే అది చాలావరకు టీఎన్ ప్యానెల్ (చూసే కోణంతో రంగు మారే రకం తెర). రంగు పనికి దాన్ని మార్చి, కోణం మారినా రంగు అంతగా మారని ఐపీఎస్ తీసుకోవడమే దారి.

నల్లటి నేపథ్యం మీద 4, 8, 12, 16 విలువల చతురాలు, తెల్లటి దాని మీద 251, 247, 243 చతురాలు వేయండి. 8, 247 రెండూ లీలగానైనా కనిపించాలి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల ఫొటోలు తీసేవాళ్లకు ఈ నలుపు పరీక్ష ప్రాణం. ఇది తప్పితే బొమ్మ మీది చెక్కడం తెరమీద ఒకే ముద్దలా కనిపిస్తుంది. చివరిగా 0 నుంచి 255 దాకా బూడిద పట్టీ చూడండి. మధ్యలో ఎక్కడైనా గులాబీ, పచ్చ ఛాయ తగిలితే చేతితో సరిచేయలేరు, పరికరం కావాలి.

5. పరికరంతో క్యాలిబ్రేషన్

డేటాకలర్ (స్పైడర్), క్యాలిబ్రైట్ కంపెనీల కలరిమీటర్లు, అంటే తెర రంగును కొలిచే పరికరాలు దొరుకుతాయి. వాటితో డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వాడొచ్చు. లక్ష్యాలు: 6500 కెల్విన్ తెలుపు, గామా 2.2, 120 క్యాండెలాలు. ఆఖర్లో వచ్చే నివేదికలో సగటు డెల్టా-E (రావాల్సిన రంగుకూ తెర చూపే రంగుకూ మధ్య తేడా) 2 లోపు ఉంటే సంతోషించొచ్చు. దాదాపు 1 దాకా తేడాను కన్ను పట్టదు. ఆ తర్వాత మానిటర్ బటన్లు ముట్టుకోకండి, ముట్టుకుంటే ప్రొఫైల్ (ఆ తెర రంగును సరిచేసే ఫైల్) చెల్లదు. ఒకరి ప్రొఫైల్ ఇంకొకరి మానిటర్‌కు పనికిరాదు, మోడల్ ఒకటే అయినా సరే. కానీ పరికరాన్ని పంచుకోవచ్చు. నలుగురైదుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒకటి కొని నెలకోసారి తిప్పుకోవడం మా దృష్టిలో తెలివైన పని.

చౌక ల్యాప్‌టాప్‌లలో ఉండే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ప్యానెల్ (రంగుల పరిధి తక్కువైన తెర) ఎస్ఆర్‌జీబీలోని ఎరుపులన్నీ చూపలేదు. క్యాలిబ్రేషన్ లేని రంగును పుట్టించదు.

6. ఫైల్లో ఎరుపు

మానిటర్ సరిగ్గా ఉన్నా చీర ఒకే ఎర్ర ముద్దలా, ఫోడా కుంభ అంచు మీది గుడి గోపురాల్లాంటి గీతలు మాయమై కనిపిస్తే రెడ్ ఛానెల్ నిండిపోయిందేమో (ఎరుపు విలువ గరిష్ఠానికి చేరి తేడాలు చెరిగిపోయాయేమో) చూడండి. మామూలు హిస్టోగ్రామ్‌లో అంతా బాగున్నట్టే ఉంటుంది. మూడు ఛానెళ్లు విడిగా చూపే హిస్టోగ్రామ్‌లోనే అది బయటపడుతుంది. ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ తగ్గించి మళ్లీ తీయండి. రా (RAW) ఫైల్, అంటే కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్ ఉంటే రెడ్ శాచురేషన్ తగ్గించి చూడండి. వాట్సాప్‌కు పంపేది ఎప్పుడూ ఎస్ఆర్‌జీబీలోనే ఎక్స్‌పోర్ట్ చేయాలి. అంతకంటే విశాలమైన రంగుల పరిధి అయిన అడోబీ ఆర్‌జీబీలో పంపితే కొన్ని ఫోన్లలో చీర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

ఆల్బమ్ పూర్తిగా ప్రింట్‌కు ఇచ్చేముందు గ్రే కార్డు ఉన్న ఒక ఫొటోను "కరెక్షన్ వద్దు" అని చెప్పి ల్యాబ్‌లో వేయించండి. కార్డు మీదే ఛాయ ఉంటే ల్యాబ్ ప్రొఫైల్ అడగండి. కార్డు శుభ్రంగా ఉండి ఫొటో మొత్తం చీకటిగా ఉంటే నాలుగో మెట్టుకు వెళ్లి బ్రైట్‌నెస్ మళ్లీ కొలవండి.