ఫోటోలకు లోతు తెప్పించే ముందు

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడింది. స్టిల్ ఫోటోల్లో మనిషిని, బ్యాక్‌గ్రౌండ్‌ను వేరువేరు పొరలు చేసి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో (వీడియో ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్) కదిలించబోతుంటే ఇవి చూసుకోండి.

- మనిషిని కట్ చేశాక వెనక మిగిలిన చోటును ఫోటోషాప్‌లోనే నింపండి. లేదంటే సాఫ్ట్‌వేర్‌లోని కెమెరా జరగగానే పెళ్లికూతురి పూలజడ పక్కన ఇంకో జడ తొంగిచూస్తుంది. కీఫ్రేములన్నీ (కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తులు) పెట్టాక కనిపిస్తే ఆ రాత్రికి నిద్ర ఉండదు.

- 1920 పిక్సెళ్ల వీడియోకి అంతే వెడల్పు ఫోటో చాలదు. జూమ్‌లో మసకబారుతుంది.

- త్రీడీ స్విచ్ వేసి బ్యాక్‌గ్రౌండ్‌ను జెడ్‌లో, అంటే లోతు దిశలో, వెనక్కి నెడితే చిన్నదవుతుంది. స్కేల్ పెంచండి, లేకపోతే అంచుల్లో నలుపు.

- పాదాలు కనిపించే ఫోటో వద్దు. నేల మీద జారుతున్నట్టు ఉంటుంది. నడుము దాకా ఉన్నవే నయం.

- కెమెరా కొంచెమే కదపండి. ఎక్కువైతే మనుషులు అట్టబొమ్మలే.