వేపనూనె కొట్టే ముందు

ముందు కుండీ మొక్క ఆకు తిప్పి చూడండి. ఈనెల పక్కన, కొమ్మ చంకల్లో దూదిలా అంటుకుని ఉంటే పిండినల్లి. కదపగానే లేచి ఎగిరితే తెల్లదోమ. చీమలు కనిపిస్తే వాటి దారి మొదట ఆపాలి. తీపి జిగురు కోసం అవి పిండినల్లిని కాపాడతాయి.

☐ మందు: లీటరు నీటికి వేపనూనె 5 మి.లీ., లిక్విడ్ సబ్బు 1–2 మి.లీ. నూనె, సబ్బు కాస్త గోరువెచ్చని నీటిలో తెల్లగా కలిశాకే మిగతా నీరు పొయ్యండి. లేదంటే నూనె పైకి తేలి, సీసా చివర్లో అచ్చంగా అదే పడి ఆకు మాడుతుంది. విశాఖలో సముద్రం దగ్గరి ఇళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే సబ్బు విరిగిపోతుంది. తాగే నీరే వాడండి.

☐ ఒక్క ఆకుపై కొట్టి 24 గంటలు ఆగండి. ఫెర్న్‌లు, బూడిద పూత ఉన్న సక్యులెంట్లు (దళసరి ఆకుల మొక్కలు) తొందరగా దెబ్బతింటాయి.

☐ వాడిపోయిన మొక్కకు మందు కొట్టే ముందురోజు నీళ్లు పెట్టండి.

☐ బాల్కనీలో సముద్రపు గాలికి తుంపర మొహం మీదికే వస్తుంది. సాయంత్రం కుండీని బాత్‌రూంలో పెట్టి కొట్టి, రాత్రంతా అక్కడే ఉంచండి. చేపల తొట్టి దగ్గర వద్దు.

☐ తులసి, కరివేపాకు మనం తినేవి. వాటికి ఇమిడాక్లోప్రిడ్ (మొక్క లోపలికంతా పాకే రసాయన పురుగుమందు) అసలు వాడొద్దు.