పాత పార్టులతో యమహా ఆర్ఎక్స్ 100 బైకు కట్టే ముందు ఇవి చూస్కోండి

పాత పార్టుల కోసం ఆటోనగర్‌కి బయల్దేరే ముందు ఆర్సీ చేతిలో ఉండాలి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ దాంతో అక్షరం అక్షరం కలవాలి, నంబరు మీద గ్రైండర్ గీతలున్నా మళ్ళీ కొట్టినట్టు వంకరగా ఉన్నా ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి, దొంగబండి అయితే కేసు మన మెడకే చుట్టుకుంటుంది. ఈ బండి 1996తో ఆగిపోయింది, అంటే ప్రతిదీ 15 ఏళ్ళు దాటేసిందే, రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో అడగండి.

హ్యాండిల్ మెడ దగ్గర పెయింట్ గీకి చూడండి, వెల్డింగ్ కనపడితే ఆ ఛాసిస్ వద్దు. ఫోర్క్ రాడ్లు గాజు పలక మీద దొర్లించండి, కింద వెలుతురు సందు వచ్చిపోతుంటే వంగినట్టే. నేను ఇది చూడకుండా కొన్నా, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బండి పక్కకి లాగేస్తుంటే గుండె జారిపోయింది.

ఇంజన్ బోరు (సిలిండర్) విప్పించి, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్‌ని పైకీ కిందకీ ఆడించండి. పక్కకి కాస్త ఆడటం మామూలే గానీ పైకీ కిందకీ టక్ టక్‌మంటే క్రాంక్ పని ఉంది, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. ఆయిల్ పంపు పనిచేస్తుందని నమ్మకం కుదిరేదాకా పెట్రోల్లోనే 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలపండి, లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది.

బ్రేక్ షూలు, కేబుళ్ళు, టైర్లు మాత్రం కొత్తవే. టైరు మీద 2319 అనుంటే 2019లో 23వ వారం తయారీ అని.

ఇంకోటి, పాత ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని నేరుగా వెల్డింగ్ పెట్టించొద్దు, లోపల పెట్రోల్ ఆవిరి ఉంటుంది, పేలుతుంది.