తవుడు తొట్టి నింపేటప్పుడు దుమ్ము ఎగరకుండా

పర్లాకిమిడిలోని మా బియ్యపు మిల్లులో బస్తాల తవుడు తొట్టిలో పోసిన ప్రతిసారీ, పడిన తవుడంత గాలి మూత సందుల్లోంచి దుమ్ముతో సహా ఎగదన్ని పనివారి కళ్లలో పడేది. ఇప్పుడు తవుడు పడే చోటికి ఎదుటి మూలన, మూతకు 6 అంగుళాల గొట్టం నిలిపి, దానికి 6 అడుగుల పొడవైన దళసరి నూలుగుడ్డ సంచిని బిగించి, పై కొసను మూటకట్టి దూలానికి వేలాడదీశాము. సందులను పాత సైకిలు ట్యూబు ముక్కలతో మూశాము. గాలి గుడ్డలోంచి వెళ్లిపోతుంది, తవుడు తొట్టిలోకే రాలుతుంది. పని ముగిశాక సంచిని నాలుగైదు సార్లు దులపాలి, ఇది మరువకూడదు. వానాకాలంలో గుడ్డ చెమ్మగిల్లితే తవుడు అంటుకుని గాలి ఆడదు, దుమ్ము మళ్లీ మూత దగ్గరే లేస్తుంది కనుక, ఆరిన సంచి మరొకటి సిద్ధంగా ఉంచుకోవాలి.