డయలప్‌లో ఫైలు సగంలో తెగుతుంటే

ఫోను లైను మీద మోడెములతో రెండు కంప్యూటర్లను కలిపి ఫైళ్లు పంపుకునే డయలప్ రోజుల మాట. ఇటు బెంగళూరు మల్లేశ్వరం, అటు చెన్నై టీ నగర్. రెండు వైపులా 56కె మోడెములే అయినా, రెండు చివరలా అనలాగ్ లైనే కాబట్టి వేగం సెకనుకు 33,600 బిట్లు దాటదు. ఆ లెక్కన 1 ఎంబీకి 5 నిమిషాలు చాలాలి. కానీ ఎక్స్‌మోడెమ్ అనే ఫైలు పంపే పద్ధతి (ప్రోటోకాల్)లో జిప్ ఫైలు పంపితే ఎర్రర్ల మీద ఎర్రర్లు, దూరపు కాల్ (ఎస్టీడీ) మీటరు మాత్రం ఆగదు.

తప్పు లైనుది కాదు. మోడెముతో మాట్లాడే హైపర్‌టెర్మినల్ ప్రోగ్రాంలో ఫ్లో కంట్రోల్ (డేటాను ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు సాగనివ్వాలో చెప్పే పద్ధతి) ఎక్సాన్/ఎక్సాఫ్‌లో ఉంది, అంటే ఆ సంకేతాలు కూడా డేటాతో పాటే బైట్లుగా వెళ్తాయి. జిప్‌లో 17, 19 విలువల బైట్లు మామూలే; వాటిని 'సాగు', 'ఆగు' సంకేతాలనుకుని, మోడెము తగిలించిన పోర్టు మింగేస్తుంది. 128 బైట్ల బ్లాకు పొట్టిదై తిరగ్గొట్టబడుతుంది. చిన్న టెక్స్ట్ ఫైలు మాత్రం చాలాసార్లు చక్కగా వెళ్తుంది, అందుకే అనుమానం రాదు.

రెండు చోట్లా హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (సంకేతాలు డేటాతో కలవకుండా వేరే తీగల మీద వెళ్లేది) పెట్టి, మోడెమ్‌కు ఏటీ&కే3 ఇచ్చాను (కొన్ని మోడెములకు కమాండ్ వేరు, మాన్యువల్ చూడండి). 8-ఎన్-1 (8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్) సెట్టింగు అలాగే ఉంచాను. ప్రోటోకాల్ జెడ్‌మోడెమ్‌కు మార్చాను: తెగినా ఆగినచోటి నుంచే అందుకుంటుంది. పోర్టును నడిపే చిప్పు పాత 8250 అయితే దానికి బఫరు (వచ్చిన బైట్లు కాసేపు ఆగే చోటు) లేదు, పోర్టు వేగాన్ని 19,200కు తగ్గించాలి. బఫరున్న 16550ఏ చిప్పు అయితే 1,15,200 పర్లేదు.

హాల్లో పారలల్ ఫోను (అదే లైనుకు తగిలించిన రెండో ఫోను) ఉందా? పంపేంతసేపు ఊడదీయండి. ఎవరో ఒకరు ఎత్తి లైను చెడగొడతారు.