కోఠీ రెసిడెన్సీని చూడాలంటే

హైదరాబాద్ వచ్చిన బంధువులు చార్మినార్ చూశాక ఇంకేముంది అంటే, నేను చదువుకున్న కళాశాలకు తీసుకెళ్తాను. అదే కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంట్ భవనం. అది ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణం కాబట్టి ప్రవేశ వేళలు, టికెట్టు సంగతి ముందే కనుక్కోండి. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గర.

నేరుగా లోపలికి దూరకండి. ముందు మెట్ల కింద, రెండు సింహాల మధ్య నిలబడి తలెత్తండి. ఆరు భారీ స్తంభాలు, వాటి పైన త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. నిజాం రాజ్యంలో కంపెనీ దర్పం ఎంతో అక్కడే తెలిసిపోతుంది. రెసిడెంట్ జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టించిన భవనమిది. 1857 తిరుగుబాటు రోజుల్లో, జులై 17న, బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ దండెత్తింది దీని మీదికే. ఆ కథ పిల్లలకు ఇక్కడే చెప్పండి, బాగా వింటారు.

దర్బారు హాల్లో షాండ్లియర్ల కిందే ఆగిపోకండి, పైకప్పు రంగుల పనితనం చూడండి. మెట్లు పాతవి, పెద్దవాళ్ల చెయ్యి వదలకండి.

చాలామంది ఇంతటితో వెనుదిరుగుతారు. వెనుక తోటలో ఈ భవనానికే చిన్న నమూనా ఉంది. పరదాలో ఉండే భార్య ఖైరున్నీసా కోసం కిర్క్‌పాట్రిక్ కట్టించాడని చెబుతారు. నాకైతే దర్బారు కంటే ఇదే ఇష్టం. వంగి కిటికీలు, స్తంభాలు పోల్చి చూడండి.

తరగతులు జరుగుతుంటే విద్యార్థినుల ఫొటోలు తీయకండి. బయటికొచ్చాక ఓపిక ఉంటే కోఠీ పాత పుస్తకాల దుకాణాలున్నాయి. బేరం మాత్రం తప్పదు.