వేరుశనగలో నాచు ద్రావణం: బెట్ట రాకముందే కొట్టాలి

సముద్రపు నాచు ద్రావణం డబ్బాలు ఎక్కువగా అమ్ముడయ్యేది పైరు వాడిపోయాక. అది పని చెయ్యని సమయం కూడా అదే. అనంతపురం ఎర్ర నేలల్లో వర్షాధార వేరుశనగను ఉదాహరణగా తీసుకుని, ఎప్పుడు, ఎంత, ఎలా కొట్టాలో చూద్దాం.

ఇది నీళ్లకు బదులు కాదు, ఎరువుకు బదులు అంతకన్నా కాదు. నాచులోని బీటైన్లు, సైటోకైనిన్ల వంటి పదార్థాలు మొక్కను బెట్టకు ముందుగా సిద్ధం చేస్తాయి. వేరు పెరగడానికి, ఆకు కణాలు నీటిని పట్టి ఉంచుకోవడానికి తోడ్పడతాయి. ఈ మార్పులకు కొన్ని రోజులు పడుతుంది, పైగా మొక్కలో జీవం ఉండాలి. పూర్తిగా వాడిన ఆకు రంధ్రాలు మూసుకుంటుంది కాబట్టి పైన పోసింది సరిగా లోపలికి పోదు.

ఎప్పుడు కొట్టాలో ఆకే చెబుతుంది. మధ్యాహ్నం ముడుచుకున్న ఆకులు సాయంత్రానికి విచ్చుకుంటే ఇంకా సమయం ఉన్నట్టు, ఆ రోజే కొట్టండి. తెల్లవారాక కూడా ముడుచుకునే ఉంటే ఆగండి. వాన పడ్డాకో, ఒక రక్షక తడి ఇచ్చాకో, రెండో రోజు కొట్టండి. నేలలో పదును (తేమ) ఉండి, వచ్చే ఐదు రోజులకు వాన సూచన లేకపోతే ఇక ఆకు ముడిచేదాకా కూడా చూడనక్కర్లేదు.

పంట దశల లెక్కన మూడు సార్లు: విత్తిన 25–30 రోజులకు పూత మొదలైనప్పుడు, 40–45 రోజులకు ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయయ్యే కాడలు) దిగేటప్పుడు, 60–65 రోజులకు కాయ ఊరేటప్పుడు. ఒక్కసారికే డబ్బులుంటే రెండోది ఎంచుకోండి. నేల గట్టిపడితే ఊడ దిగదు, దిగని ఊడ కాయ కాదు. ఆ నష్టాన్ని తర్వాత వచ్చే వాన కూడా పూర్తిగా పూడ్చలేదు.

మోతాదు దగ్గర ఒక తికమక ఉంది. అంగట్లో దొరికే గాఢ ద్రావణాలు చాలావాటికి లీటరు నీటికి 2–2.5 మిల్లీలీటర్లు చాలు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 32–40 మిల్లీలీటర్లు. తమిళనాడు తీరంలో పెంచే కప్పాఫైకస్ అనే ఎర్ర నాచును పిండి తీసే పచ్చి రసం సంగతి వేరు. దాన్ని పరిశోధనల్లో 5 నుంచి 15 శాతం దాకా, అంటే లీటరుకు 50–150 మిల్లీలీటర్ల లెక్కన వాడారు. ఒకదాని మోతాదు ఇంకొకదానికి వాడితే పైరుకు ఏమీ అందదు, లేదా ఆకు అంచులు మాడతాయి. డబ్బా మీద ఏ నాచో, ఎంత శాతమో చదివి, దాని మీద ఉన్న మోతాదే పాటించండి. నాచు ద్రావణంలా మొక్క పెరుగుదలకు ఊతమిచ్చే మందులను, అంటే బయోస్టిమ్యులెంట్లను, 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. కాబట్టి లేబుల్ మీద ఆ వివరాలు లేని డబ్బాను, బిల్లు ఇవ్వని దుకాణాన్ని వదిలెయ్యండి.

చిన్న పైరుకు ఎకరానికి 100 లీటర్ల నీళ్లు, సాళ్లు కమ్ముకున్నాక 200 లీటర్లు పడతాయి. ఉదయం 9 లోపు గానీ సాయంత్రం 4 తర్వాత గానీ, ఆకు రెండు వైపులా తడిసేలా సన్నటి తుంపరగా కొట్టాలి. వేరుశనగ ఆకు మీద నీరు జారిపోతుంది కాబట్టి స్ప్రెడర్ జిగురును దాని డబ్బా మీది మోతాదులో కలపండి.

అసలు తంటా ట్యాంకులో కలిపేటప్పుడు వస్తుంది. గోధుమ రంగు నాచుల్లో ఆల్జినేట్ అనే జిగురు పదార్థం ఉంటుంది, దానికి కాల్షియం తగిలితే జెల్లీలా గడ్డకడుతుంది. కాల్షియం నైట్రేట్ కలిపిన ట్యాంకులో నాజిల్ మూసుకుపోయేది ఇందుకే. ఉప్పు బోరు నీళ్లతోనూ ఇలా జరగవచ్చు, వాన నీళ్లో చెరువు నీళ్లో దొరికితే మేలు. క్షారంతో తీసిన ద్రావణంలో ఆమ్ల గుణమున్న మందు పోస్తే అడుగున మడ్డి దిగుతుంది. జిప్సంలోనూ కాల్షియం ఉంటుంది, కానీ ఎకరానికి 200 కిలోల జిప్సం ఎలాగూ ఊడల దశలో మొదళ్ల దగ్గర నేలకు వేసేదే, అది ట్యాంకు జోలికి రాదు.

బెట్టలో పొటాషియం నైట్రేట్ (13-0-45) లీటరుకు 10 గ్రాములు కొట్టడం మామూలే. దాన్ని నాచు ద్రావణంతో కలిపే ముందు గాజు సీసాలో లీటరు నీళ్లు పోసి, అదే నిష్పత్తిలో రెండూ కలిపి, అరగంట కదపకుండా ఉంచండి. తెట్టు, గడ్డలు, మడ్డి ఏది కనిపించినా విడివిడిగా కొట్టుకోవాలి.

మూత తీసిన డబ్బాను ఎండలో పెట్టకండి. పులిసి ఉబ్బిన డబ్బా, కుళ్లు వాసన వచ్చే డబ్బా పక్కన పెట్టేయడమే.

మీ పొలంలో పని చేసిందో లేదో తెలియాలంటే మధ్యలో ఐదు సాళ్లు మందు కొట్టకుండా వదలండి. కోతప్పుడు మందు కొట్టిన చోట పది, కొట్టని సాళ్లలో పది మొక్కలు పీకి, గట్టి కాయలు లెక్కపెట్టి, ఎండాక తూకం వేయండి. మిగతా పొలానికి మందు కొట్టిన రోజే ఆ ఐదు సాళ్లకూ ఉత్త నీళ్లు కొట్టండి. లేకపోతే నీళ్లు చేసిన మేలు కూడా మందు ఖాతాలో పడుతుంది.